ఎండ వైపు మనిషి

తడి దుప్పటి ఆరేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తాడుకు ఇవతల నిలబడి విసరాలి, ఇంకొకరు అవతల నిలబడి అందుకుని కిందికి లాగాలి. విసిరే ముందు ఇద్దరూ చెరో రెండు కొసలూ పట్టుకుని ఒక్క ఊపున ఝాడిస్తే టప్పుమని చప్పుడు రావాలి. రాలేదంటే ముడతలు పోలేదని లెక్క, మళ్ళీ ఝాడించాల్సిందే. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చింది ఆ చప్పుడే.

మాది ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ. కింద ఉతికే గది, నడిమి అంతస్తులో ఇస్త్రీ గది, పైన మేడ. ఎండలో ఆరిన దుప్పటికి ఒక తెలుపు వస్తుంది, అది ఏ పొడి వేసినా రాదు. మా ఆయన కాలం నుంచీ మా పేరు నిలబడ్డది ఆ తెలుపు మీదే. తాళ్ళన్నీ ఒకే దిక్కుకు కట్టి ఉండేవి. పొద్దున పూట ఆరేస్తాం కాబట్టి విసిరే మనిషి ఎప్పుడూ ఎండకు ఎదురుగా నిలబడాలి, ఆ మనిషికి పొడుగు కావాలి. లాగే మనిషి దుప్పటి వెనక నీడలో ఉంటుంది, పొట్టిదైనా ఫరవాలేదు. దించే వేళకు పక్క బిల్డింగు నీడ మేడ మొత్తాన్నీ కప్పేసేది. దించడం నాదీ, మా అబ్బాయిదీ పని.

నా మనవరాళ్ళలో పెద్దది తాడంత పొడుగు. దాన్ని కొంగ అనేవాళ్ళం. చిన్నది గిద్దెడంత ఉన్నా నోరు మాత్రం ఘాటు, దాన్ని మిరప అనేవాళ్ళం. బడి వయసు నుంచీ పొద్దున్నే ఇద్దరూ మేడ ఎక్కేవాళ్ళు. కొంగ ఇవతల, మిరప అవతల. వాళ్ళ మధ్య దుప్పటి ఉంటే ఒకరి మొహం ఒకరికి కనబడదు కదా, అందుకని పోట్లాట అంతా దుప్పటి మీదుగానే నడిచేది.

"లాగవే పొట్టీ, నిద్రపోయావా అక్కడ?"

"నువ్వు సగానికి సగం విసిరి నన్ను అంటావేంటి? నీ చేతులు పొడుగే గాని పని పొట్టి."

కింద ఉతుకుతూ ఈ మాటలు వింటుంటే నాకు నవ్వు ఆగేది కాదు.

కొంగకు పదేళ్ళు దాటేసరికే మొహం మీద మచ్చలు మొదలయ్యాయి. ముక్కు మీద, బుగ్గల మీద, మోచేతుల దాకా, టీ చిందినట్టు చిన్న చిన్న మచ్చలు. ఎండలో పనిచేసే పిల్ల, మచ్చలు రాక ఏమొస్తాయి అనుకున్నాం. మిరపకు ముక్కు మీద నువ్వుగింజలంత చుక్కలు నాలుగు ఉండేవి, అవి దానికి అందంగా కూడా ఉండేవి. పెద్దది మచ్చల పిల్ల, చిన్నది చుక్కల పిల్ల. అంతకుమించి ఆలోచించలేదు.

కొంగకు పాతికేళ్ళు వచ్చాక ముక్కు పక్కన ఒక పుండు లేచింది. మానేది, పొక్కు కట్టేది, పొక్కు ఊడితే మళ్ళీ అదే పుండు. చర్మం డాక్టరమ్మ కోసి పరీక్షకు పంపింది. క్యాన్సరు అన్నారు. కోసేశారు కాబట్టి పోయిందనుకున్నాం. ఏడాది తిరక్కుండా కింది పెదవి మీద ఇంకొకటి, ఆ తరవాత చెవి వెనక నల్లగా ఒకటి. ఆ నల్లదాన్ని చూసి డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, "ఎండలో తిరిగిన ముసలివాళ్ళకు రావాల్సినవి ఇవి. ఈ వయసులో ఇన్ని రాకూడదు," అంది. మా కోడలి వైపు తిరిగి, "నీకు పెళ్ళి బంధువుల్లోనే అయిందా అమ్మా?" అని అడిగింది.

"అత్తయ్య మా మేనత్తేనండీ," అంది కోడలు నన్ను చూపిస్తూ. నిజమే, మా కోడలు నా తమ్ముడి కూతురు. డాక్టరమ్మ కాగితం మీద మేనరికం అని రాసుకుంది. రక్తం పరిశోధన చేసే గది అదే ఆస్పత్రిలో వెనక వైపు ఉంది, అక్కడికి పంపింది.

ఆ గదిలో ఉండేవాడు ఒక సన్నటి మనిషి. ఎప్పుడు చూసినా చేతిలో ఏదో ఒక గాజుగొట్టం. కొంగ వాణ్ణి చూసిన మొదటి రోజే గొట్టాల బాబు అని పేరు పెట్టింది. మంచివాడు. నన్ను పెద్దమ్మా అనేవాడు. నేను ప్రశ్న అడిగితే విసుక్కోకుండా, నాకు తెలిసిన వస్తువులు ఏరుకుని మరీ చెప్పేవాడు.

"ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పుస్తకం ఉంటుంది పెద్దమ్మా. కణం రెండు కావాలంటే ఆ పుస్తకాన్ని నకలు రాయాలి. రాసేవాళ్ళు చాలా నిక్కచ్చి మనుషులు, ఒక్క అక్షరం తప్పు పోనివ్వరు. కానీ ఎండ తగిలితే పుస్తకంలో అక్కడక్కడ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటి చోటుకు వచ్చేసరికి ఈ నిక్కచ్చి మనుషులు ఆగిపోతారు. ఇది మాకు చదవరాదు అని చేతులెత్తేస్తారు."

"మరి అప్పుడు?"

"అప్పుడు ఇంకొకరు వస్తారు. మంచి పేజీ ఇస్తే తప్పుల తడక చేసే మనిషి. కానీ ఎండ పాడుచేసిన చోట మాత్రం సరిగ్గా రాసేది ఆ మనిషే. మీ పెద్దమ్మాయి ఒంట్లో ఆ మనిషి లేదేమోనని మా అనుమానం."

నాకు వెంటనే మా అతుకుల వదిన గుర్తొచ్చింది. మా ఆయనకు అక్క, మా లాండ్రీలో చిరుగులు కుట్టేది. ఆవిడ జీవితంలో ఒక్క దుప్పటి కూడా తిన్నగా మడతపెట్టి ఎరుగదు, నాలుగు కొసలూ నాలుగు ఊళ్ళకు పోయేవి. మంచి దుప్పటి ఆవిడ చేతికి పోనివ్వకుండా దాచేవాళ్ళం. కానీ చిరిగింది వచ్చిందా, మా అందరి చేతులూ ఆగిపోయేవి, ఆవిడ చేతులు లేచేవి. ఏ పోగు పోయిందో చూసి ఆ పోగే వేసేది. ఆవిడ పోయాక చిరుగులు మేమే కుట్టాం. కుట్టు పడేది గాని గుడ్డ మొత్తం ఒక పక్కకు లాగేసేది, రెండు ఉతుకులకే చిరుగు ఇంకో రెండంగుళాలు పాకేది.

ఈ సంగతి చెబితే గొట్టాల బాబు గొట్టం పక్కన పెట్టేశాడు. "అదే జరుగుతోంది పెద్దమ్మా. ఆవిడ లేదు కాబట్టి కుట్టడం రానివాళ్ళు వచ్చి కుడుతున్నారు. ఆ వంకర కుట్ల లోంచే గడ్డలు లేస్తున్నాయి."

"అయితే మీ అతుకుల వదిన మళ్ళీ మాకే పని తెచ్చిపెట్టింది అన్నమాట నాయనమ్మా," అంది కొంగ. పెదవి మీద కుట్లు ఉన్నాయి, నవ్వితే లాగుతుంది, అయినా నవ్వింది.

ఆ అనుమానం తేల్చుకునే దారి అతను చెప్పింది నాకు ఇప్పటికీ వింతే. రక్తంలో రోగాలతో కొట్లాడే కణాలు కొన్ని ఉంటాయట. అవి యాంటీబాడీలు తయారుచేస్తాయి. రేపు ఏ రోగం ఏ మొహంతో వస్తుందో వాటికి తెలియదు కదా, అందుకని పుస్తకంలో యాంటీబాడీ రాసి ఉన్న ఆ ఒక్క పేజీని అవే కావాలని పాడుచేసుకుంటాయి. పాడుచేసి అతుకులవాళ్ళను పిలుస్తాయి. వాళ్ళు అలవాటు ప్రకారం తప్పులు కుడతారు. ఒక్కో కణంలో ఒక్కో తప్పు. వాటిలో ఏదో ఒకటి వచ్చిన రోగానికి సరిగ్గా అతుక్కుంటుంది. అప్పుడు దాన్ని పెంచుకుంటాయి.

"తప్పు చేస్తేనే గాని రోగం పట్టుబడదా?"

"అంతే పెద్దమ్మా."

"మరి అతుక్కోని మిగతా కణాలు?"

"చచ్చిపోతాయి."

"అన్నీనా?"

"దాదాపు అన్నీ."

ఆ మాట నాకు నచ్చలేదు. ఒకదానికోసం అన్ని చావడమేంటి, ఇదేం పద్ధతి అనిపించింది.

పుస్తకంలో ఉండేవి నాలుగే అక్షరాలట. అందులో రెండక్షరాల దగ్గర పడే తప్పులు ఎక్కువగా మన అతుకుల మనిషి చేతివి. మిగతా రెండింటి దగ్గర పడేవి వేరేవాళ్ళవి. కొంగ రక్తం తీసి యాంటీబాడీ పేజీలు చదివితే, ఆ రెండక్షరాల దగ్గర తప్పులు ఉన్నాయా లేవా అని చూస్తే ఆవిడ ఉందో లేదో తెలిసిపోతుంది. కానీ పక్కన పెట్టి పోల్చడానికి ఇంకొకరి రక్తం కావాలి. అదే ఇల్లు, అదే తిండి, చిన్నప్పటి నుంచీ అవే జలుబులూ అవే జ్వరాలూ పడ్డ మనిషి, మచ్చలు లేని మనిషి.

"నాది తీసుకోండి," అని మిరప అప్పుడే చెయ్యి చాపేసింది.

గొట్టాల బాబు దాని మొహం పరీక్షగా చూశాడు. "నువ్వు కూడా మేడ మీద పనిచేస్తావా?"

"చిన్నప్పటి నుంచీ. ఇద్దరం కలిసే."

"అదే ఎండలో ఇన్నేళ్ళూ ఉండి నీకేమీ రాలేదంటే నీది మంచి రక్తమే," అన్నాడతను. గొట్టం మీద చీటీ అంటించి, దాని మీద ఏదో రాశాడు. ఏమిటని మిరప అడిగితే "ఆరోగ్యవంతురాలు" అని రాశానని చెప్పాడు.

అంతే. ఆ ఒక్క మాట మా ఇంట్లో సర్టిఫికెట్టు అయిపోయింది.

డాక్టరమ్మ కొంగను ఎండకు రావద్దంది. ఇకముందు, ఎప్పటికీ. కిటికీలోంచి వచ్చే ఎండ కూడా పనికిరాదంది. ఇస్త్రీ గది కిటికీలకు మా అబ్బాయి దళసరి గోధుమరంగు కాగితం అంటించాడు. కొంగ అక్కడ వాళ్ళమ్మ పక్కన ఇస్త్రీకి కూర్చుంది. ఇక మేడ మీద ఎండ వైపు ఎవరు నిలబడాలి? మా అబ్బాయి మనిషిని పెడదామన్నాడు.

"మనిషెందుకు నాన్నా, నేను లేనా?" అంది మిరప.

"నీకు తాడు అందుతుందా?"

"పీట వేసుకుంటా."

కోడలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "దీనికి కూడా ఏమన్నా అయితే?"

"అమ్మా, ఆస్పత్రి వాళ్ళే ఎంచుకున్నారు నన్ను. ఊళ్ళో ఇంతమంది ఉండగా నా రక్తమే మంచిదని చీటీ అంటించి మరీ పెట్టుకున్నారు. నాకేమవుతుంది?"

నేనూ తలూపాను. మా అబ్బాయీ తలూపాడు. కొంగ కూడా, "వెళ్ళనివ్వమ్మా, ఇన్నాళ్ళూ వెనక నిలబడి నన్ను తిట్టింది కదా, విసరడమంటే ఏంటో దానికీ తెలియనీ," అంది. అలా మా పొట్టి మిరప పీట ఎక్కి ఎండకు ఎదురుగా నిలబడింది. దుప్పటి వెనక లాగడానికి నేను నిలబడ్డాను.

కొన్నాళ్ళకు ఆస్పత్రి నుంచి కబురొస్తే నేను వెళ్ళాను. గొట్టాల బాబు తలకాయ గోక్కుంటూ చెప్పాడు. "మా దగ్గర ఏదో పొరపాటు జరిగింది పెద్దమ్మా. రెండు గొట్టాల్లోనూ ఒకే రక్తం ఉన్నట్టుంది. పెద్దమ్మాయి రక్తమే రెండుసార్లు పోసినట్టున్నారు. రెండింటిలోనూ ఆ రెండక్షరాల దగ్గర తప్పులు లేవు."

రక్తం తీసిన నర్సు అక్కడే ఉంది. ఆ పిల్ల మొహం మాడిపోయింది. "నేను కలపలేదు సార్. ఒకటి పొడుగమ్మాయిది, ఒకటి పొట్టి అమ్మాయిది. ఎలా కలుస్తాయి?"

"చిన్నమ్మాయిని ఒకసారి పంపండి, మళ్ళీ తీస్తాం," అన్నాడతను నాతో.

తప్పకుండా అన్నాను. ఇంటికొచ్చి చెప్పాను. నర్సు పొరపాటంట, గొట్టాలు మారిపోయాయంట అని. ఇంట్లో అందరం నవ్వుకున్నాం కూడా. గుడ్డలకు గుర్తులు వేయడం రానివాళ్ళు మా లాండ్రీకి వస్తే నేర్పిస్తాం అంది మిరప. అది ఎండాకాలం. ఆస్పత్రికి కొత్త వార్డు కలిసి దుప్పట్లు మూటలు మూటలుగా వస్తున్నాయి. ఈ వారం వెళ్తా, పై వారం వెళ్తా అని మిరప వాయిదా వేసింది. పొరపాటు వాళ్ళదైతే తొందర మనకెందుకని నేనూ గట్టిగా చెప్పలేదు. ఆ ఎండాకాలం మొత్తం పిల్ల పీట మీదే ఉంది.

ఈ మధ్యలోనే కొంగ చెవి వెనక ఉన్న నల్లది మెడలోకి దిగిందన్నారు. మళ్ళీ కోశారు. ఆపరేషన్ వార్డు దుప్పట్లు మాకే వస్తాయి. నెత్తుటి మరకకు వేడినీళ్ళు తగలకూడదు, తగిలితే మరక గుడ్డలో కూర్చుంటుంది, చన్నీళ్ళలో నానబెట్టి చేత్తోనే నలపాలి. నలుపుతూ అనుకునేదాన్ని, వీటిలో ఒకటి మా పిల్ల పడుకున్నదే అయి ఉంటుందని. ఏదని పోల్చుకుంటాం? అన్ని నెత్తుళ్ళూ ఒకేలా వదులుతాయి.

చివరికి మిరప వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది. ఈసారి గొట్టాల బాబు తన కళ్ళ ముందే తీయించి, తన చేత్తోనే చీటీ అంటించాడట.

ఆ తరవాత ఒకరోజు పొద్దున మేం మేడ మీద ఉన్నాం. నేను దుప్పటి వెనక ఉన్నాను కాబట్టి మెట్ల మీద ఎవరొచ్చారో కనబడలేదు. మాట వినబడింది.

"అమ్మాయ్, కిందికి దిగు."

"ఎవరు మీరు... ఓహో, గొట్టాల బాబుగారా. ఇంటికే వచ్చేశారే. ఈసారి ఎవరి రక్తం మార్చారు?"

నేను దుప్పటి పక్కకు తొలగించి చూశాను. అతను మెట్లన్నీ పరుగున ఎక్కినట్టున్నాడు, రొప్పుతున్నాడు. మిరప పీట మీద నిలబడి ఉంది, మొహాన ఎండ. అతను దాని మొహం వైపు చూస్తున్నాడు. అప్పుడు నేనూ చూశాను. రోజూ చూసే మొహమే, అయినా అప్పుడే చూశాను. నాలుగు నువ్వుగింజలు కాదు. ముక్కంతా, బుగ్గలంతా, టీ చిందినట్టు.

"ఈ పిల్ల ఎప్పటి నుంచి ఇక్కడ నిలబడుతోంది?" అని నన్ను అడిగాడు. అతను తాడు మీది తడి దుప్పటి గుంజి మిరప నెత్తి మీద కప్పేశాడు.

"అయ్యో, ఉతికిన దుప్పటండీ అది, మళ్ళీ ఉతకాలి," అంటోంది మిరప లోపలి నుంచి.

"మళ్ళీ ఉతుక్కుందాం. పద," అని ఆ దుప్పటితోనే మెట్లు దింపాడు.

ఇస్త్రీ గదిలో కాగితం అంటించిన కిటికీల మధ్య అందరం చేరాం. కొంగ మెడకు కట్టు కట్టి ఉంది. అతను నిలబడే చెప్పాడు. గొట్టాలు మారలేదు. నర్సు తప్పు చేయలేదు. మిరప గొట్టంలో రెండుసార్లూ ఉన్నది మిరప రక్తమే. అక్క రక్తంలో లేని అతుకుల మనిషి చెల్లెలి రక్తంలోనూ లేదు. "ఉండాల్సిన తప్పులు లేవు. మేం లేవని నమ్మలేక, తప్పు మాదనుకున్నాం," అన్నాడు.

మా అబ్బాయికి అర్థం కాలేదు. "ఇన్నేళ్ళు ఇద్దరూ ఒకే ఎండలో ఉన్నారు కదండీ. దానికి అన్ని వచ్చి, దీనికి ఏమీ రాకుండా ఎలా ఉంటుంది?"

"నాకూ అదే తెలియలేదు," అన్నాడతను.

ఇస్త్రీబల్ల అంచు పట్టుకుని కొంగ లేచింది. గొంతు బొంగురుపోయి ఉంది, మాట నెమ్మదిగా వచ్చింది. "ఒకే ఎండ కాదు నాన్నా. నేను ఇవతల, అది అవతల. దాని మీద ఎప్పుడూ దుప్పటి నీడే. ఇన్నేళ్ళూ."

కోడలు చేతికింద ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది, దిండు గలీబు మాడిన వాసన వచ్చేదాకా ఎవరమూ దాన్ని ఎత్తలేదు.

"అక్కా," అంది మిరప. నెత్తి మీద తడి దుప్పటి ఇంకా అలాగే ఉంది, కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకు పడాల్సిందంతా నీకు పడింది."

"ఛీ, ఊరుకో. నీకు పొడుగు లేక బతికావు. పొట్టి పొట్టి అని ఇన్నేళ్ళు ఏడ్చావు కదా, ఇప్పుడు నాకు దణ్ణం పెట్టు."

"నవ్వించకు."

"నేను నవ్వించడం లేదు. నాకు నవ్వొస్తే మెడ కుట్లు ఊడతాయి. నువ్వే ఏడుపు ఆపు."

డాక్టరమ్మ ఆ రోజే మిరపను చూసింది. కింది రెప్ప అంచున ఆవగింజంత గట్టిది ఒకటి ఉంది. మేం చూసి కూడా కురుపు అనుకున్నది. కోసి పరీక్షకు పంపితే అక్కకు మొదట వచ్చిన జాతే అన్నారు. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది, మొత్తం తీసేశాం, ఇక ఎండ మొహం చూడకుండా ఉంటే, నెలనెలా వచ్చి చూపించుకుంటే బతుకు వెళ్ళదీయవచ్చు అంది డాక్టరమ్మ. ఇంకో నాలుగేళ్ళు ఆ పీట మీద నిలబడి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పింది. అది చెప్పకపోయినా మాకు తెలుసు. ఇంట్లో కొంగ ఉంది కదా.

కొంగకు మాత్రం దారులన్నీ మూసుకుపోయాయి. మెడలోది ఊపిరితిత్తుల్లోకి దిగింది. మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది, దగ్గు మిగిలింది. మిరప దాన్ని వదిలేది కాదు. మంచం పక్కన కూర్చుని ఏదో ఒకటి వాగేది. గొట్టాల బాబు వచ్చినప్పుడు ఒకరోజు కొంగే అడిగింది.

"బాబుగారూ, ఆ అతుకుల మనిషి లేకపోతే మా చెల్లికి మామూలు జ్వరాలు కూడా తగ్గవా?"

"తగ్గుతాయమ్మా. తప్పులు చేసేవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఎలాగో సర్దుకుంటారు. మీ ఇద్దరికీ చిన్నప్పుడు జ్వరాలు తగ్గాయి కదా."

"అయితే రక్తానికి ఆవిడ లేకపోయినా నడుస్తుంది, చర్మానికే నడవదు."

"అవును."

"దీన్ని ఇంట్లో కట్టేస్తే సరిపోతుందన్నమాట," అని మిరప జడ పట్టుకుని లాగింది. లాగే బలం చేతిలో లేదు, ఊరికే పట్టుకుంది.

చలి మొదలయ్యాక ఒకరోజు కొంగ మేడ మీదికి తీసుకెళ్ళమంది. ఎండ ఉందే అన్నాను. "ఇక నాకు ఎండేం చేస్తుంది నాయనమ్మా," అంది. మా అబ్బాయి ఎత్తుకుని ఎక్కించాడు. అంత పొడుగు పిల్ల, వాడి చేతుల్లో మడతపెట్టిన గుడ్డలా ఉంది. కోడలు విసురుతోంది ఆ రోజు. కుర్చీ ఎటు వేయనని మా అబ్బాయి అడిగితే కొంగ దుప్పటి వెనకకు చూపించింది. వేశాం. ఎదురుగా తెల్లటి దుప్పటి, దాని అవతల ఎండ. దుప్పటి తడి గాలికి దాని మొహానికి తగులుతోంది. చెయ్యి చాపి ఆ తడిని ముట్టుకుంది.

"ఇక్కడ ఇంత చల్లగా ఉంటుందా," అంది.

కోడలు అవతల విసరడం ఆపేసింది. దుప్పటికి అటు తను, ఇటు కూతురు. నాకు కోడలి కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. కాళ్ళు కదల్లేదు చాలాసేపు.

"పొట్టిదాన్ని నేను తిట్టిన తిట్లు నిజమే. నీడలో నిద్రే వస్తుంది," అంది కొంగ, కళ్ళు మూసుకుని.

ఆ చలికాలం దాటలేదు.

ఆస్పత్రి నుంచి దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు కప్పిన దుప్పటి మేం ఉతికిందే. మడత చూసి గుర్తుపట్టాను. కొంగ మడత అది, ఇస్త్రీ గదిలో కూర్చున్నప్పుడు వేసింది. అంచు మీద అంచు ఎక్కడా తేడా లేదు.

మిరపకు దాన్ని సాగనంపడానికి రావడం కూడా కుదరలేదు. ఎండ నడినెత్తిన ఉంది. కాగితం అంటించిన కిటికీ లోపల నిలబడింది. ఆ కాగితంలోంచి ఏమీ కనబడదు. చెప్పుల చప్పుడు వీధి చివరికి పోయేదాకా చెవి ఆనించి విందట. కాగితం చింపబోతే వాళ్ళమ్మ చేతులు పట్టుకుని ఆపిందట. ఒక కూతురిని పంపించడానికి కూడా వెళ్ళకుండా ఇంకో కూతురి చేతులు పట్టుకుని కూర్చుంది మా కోడలు. ఆ తరవాత ఆ పిల్ల మణికట్ల మీద వాళ్ళమ్మ వేళ్ళ గుర్తులు నేను చూశాను.

మేడ మీద ఇప్పుడు తాళ్ళు లేవు. ఆరబెట్టే యంత్రం వచ్చింది. దుప్పట్లు వేడివేడిగా బయటకు వస్తాయి గాని ఆ తెలుపు లేదు. ఆస్పత్రి వాళ్ళు ఏమీ అనలేదు, వాళ్ళకు అంతా తెలుసు.

మొన్న గొట్టాల బాబు వచ్చి మిరపను ఇంకోసారి రక్తం అడిగాడు. ఆ మనిషి లేకుండా మిగతావాళ్ళు ఎలా సర్దుకుంటున్నారో చూడాలట. ఇలాంటి పిల్లలు ఇంకెక్కడైనా పుట్టి ఉంటే, ఎండలో నిలబడకముందే గుర్తుపట్టాలట. మిరప చెయ్యి చాపింది. సూది దిగుతుంటే అడిగింది.

"పోల్చుకోవడానికి ఎవరిది పెట్టుకుంటారు?"

అతను దూది తీసి సూది పక్కన ఆనించాడు. "బయటివాళ్ళది," అన్నాడు.

"చీటీ మీద ఏం రాస్తారు? వాళ్ళది చూడకముందే ఆరోగ్యవంతులు అని రాసేయకండి."

"రాయను," అన్నాడు.

పని మాత్రం ఆగదు కదా. యంత్రంలోంచి వచ్చిన దుప్పట్లను ఇస్త్రీకి ముందు ఝాడించాలి. ఆ కిటికీలు మూసిన గదిలో మిరప ఒక వైపు నిలబడుతుంది, రెప్ప మీద కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. రెండో వైపు ఎవరూ లేరని నేను నిలబడుతున్నాను. నా వేళ్ళలో పట్టు పోయింది. నిన్న కూడా ఝాడిస్తే కొస నా చేతిలోంచి జారి నేల మీద పడింది, చప్పుడు రాలేదు. కోడలు తలెత్తి చూసి మళ్ళీ ఇస్త్రీ చేసుకుంది.

మిరప వంగి ఆ కొస తీసి నా చేతిలో పెట్టింది, నా వేళ్ళు తనే మూసింది.

"గట్టిగా పట్టుకో నాయనమ్మా. మళ్ళీ ఝాడిద్దాం."